మూడించుల నీలం

జూన్ 11. బుధవారం. ఉదయం 6:10.

పాలవ్యాను డ్రైవరు బ్రేకు తొక్కాడు.

నక్కలదొడ్డికీ తెల్లబండకూ మధ్య, మోరీ పక్కన, ఒక తోపుడుబండి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. బండి మీద మూడు ప్లాస్టిక్ బిందెలు. మూడూ నిండుగా ఉన్నాయి. బండి పక్కన ఒక ఆడమనిషి పడి ఉంది.

ప్రాణం లేదు.

డ్రైవరు ముందు బిందెల వైపు చూశాడు. తరువాతే మనిషి వైపు చూశాడు. తప్పు పట్టకండి. కళ్యాణదుర్గం దాటి ఈ ఎర్రమెట్టల మీదికి వస్తే ఎవరైనా అంతే. ఇక్కడ ఒకాయన పదకొండొందల అడుగులు బోరు దింపించాడు. చుక్క పడలేదు. పైపుకు చెవి ఆనిస్తే కింద నుంచి ఎవరో అడిగారట, "పైన ఏమన్నా నీళ్లుండాయా అప్పా?" అని. నమ్మకపోతే ఆ బోరుబండి డ్రైవరును అడగండి. ఆ రోజు నుంచి అతను చెవిలో దూది పెట్టుకుని తిరుగుతున్నాడు.

7:05కి పోలీసు జీపు వచ్చింది.

ఎస్సై జ్యోతిలక్ష్మి దిగింది. ఆమె పుట్టింది కోనసీమలో, కాలువ గట్టున. చిన్నప్పుడు నీళ్లు వద్దన్నా ఇంట్లోకి వచ్చేవి. ఈ స్టేషన్‌కు వచ్చి నాలుగు నెలలు. వెనకాలే హెడ్ కానిస్టేబుల్ రామాంజులు దిగాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏ క్రైమ్ సీన్‌కైనా ఆయన పొట్ట ఆయన కంటే ఒక నిమిషం ముందే చేరుతుంది.

"ఎవరు?"

"నల్లమ్మ, మేడమ్. నక్కలదొడ్డి. యాభై రెండేండ్లు. కూలికి పోతాది. మొగుడు యేసన్న."

"గాయాలు?"

"ల్యావు."

"ఏమైనా పోయాయా?"

"మెడలో పూసలదండ అట్లే ఉండాది. బిందెలు గూడా అట్లే ఉండాయి. దొంగలు కాదు మేడమ్. దొంగలైతే బిందెలు వదల్తారా?"

జ్యోతిలక్ష్మి వంగి చూసింది. చీర కొంగు మీద వాంతి మరకలు. కళ్లు లోతుకు పోయాయి. పెదవులు పగిలిపోయాయి. ఆమె నల్లమ్మ కుడి చేయి ఎత్తి పట్టుకుంది.

వేళ్లు ముడతలు పడి, తెల్లగా నానిపోయి ఉన్నాయి. పొద్దంతా రేవులో బట్టలు ఉతికిన చేతుల్లా.

"రామాంజులు గారూ, ఈమె చేతులు ఎందులో నానాయి?"

"చేతులు నానేంత నీళ్లు ఈ మండలంలో యాడుండాయి మేడమ్?"

ఆమె నోట్‌బుక్ తీసి రాసుకుంది. 'వేళ్లు.'

7:40కి యేసన్న వచ్చాడు. వెనక నక్కలదొడ్డి సగం వచ్చింది. సన్నటి మనిషి. దొడ్డికాళ్లు. రోడ్డు మీద కూర్చుని భార్య తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడవలేదు.

"నిన్న ఆమెకు ఒంట్లో ఎలా ఉంది?"

"బాగనే ఉండాది."

"తెల్లవారకముందే తెల్లబండకు ఎందుకు వెళ్లింది?"

"నీళ్లకు. ఐజాక్ ఆటోలో చోటు దొరకలా. బండి తోసుకోని పోయింది."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

అడగడమే ఆలస్యం. యేసన్న కంటే ముందు నలభై నోళ్లు పలికాయి. తిప్పేస్వామి! తెల్లబండ వాటర్‌మ్యాన్ తిప్పేస్వామి!

"మొన్న మా అందరి ముందరే అన్న్యాడు మేడమ్. ఈ నీళ్లు తాగితే చస్తారు పోండి అని!"

"ట్యాంకులో తెల్లపొడి కలిపినాడు. నా కండ్లతో చూసినా!"

"మేము నీళ్లకు పోతే వానికి కడుపుమంట!"

తాళంచెవి తిప్పేస్వామి చేతిలో ఉంది. పొడి తిప్పేస్వామి చేతిలో ఉంది. బెదిరింపు తిప్పేస్వామి నోట్లో ఉంది. ఇంతకంటే సులువైన కేసు పోలీసు ట్రెయినింగ్‌లో కూడా ఇవ్వరు.

మధ్యాహ్నం 12:00కు తిప్పేస్వామిని పంపుహౌసు దగ్గర పట్టుకుని లాకప్‌లో వేశారు. యాభై ఎనిమిదేళ్లు. ఒంటి మీద చొక్కా ఉందో, చొక్కా లోపల ఒళ్లు ఉందో చెప్పడం కష్టం. 12:30కి స్టేషన్ ముందు రెండు ట్రాక్టర్ల జనం కూర్చున్నారు. వాణ్ణి మాకన్నా ఇయ్యండి, జైలుకన్నా పంపండి అన్నారు.

చట్టం ప్రకారం ఇరవై నాలుగు గంటలు. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు తిప్పేస్వామిని మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. లేదా వదిలెయ్యాలి.

*

మధ్యాహ్నం 3:30. మండల ఆరోగ్య కేంద్రం.

డాక్టర్ విజయభాస్కర్ నిద్ర లేని కళ్లతో ఉన్నాడు. వరండాలో మంచాలు, మంచాల మీద మనుషులు, మనుషుల మీద సెలైన్ బాటిళ్లు. జ్యోతిలక్ష్మి ఫోన్‌లో నల్లమ్మ చేతి ఫొటో చూపించింది.

డాక్టర్ ఒక్కసారే చూశాడు.

"ఇది విషం కాదు మేడం. బేదులు. ఒంట్లో నీరంతా పోతే చర్మం ఇట్లా ముడుచుకుంటుంది. చేతులు నీళ్లలో నానడం కాదు, మనిషిలో నీళ్లు అయిపోవడం."

"కలరానా?"

"ల్యాబ్ రిపోర్టు రానీండి. అంతవరకు ఆ మాట నేను కాగితం మీద రాయను."

"వీళ్లంతా ఎవరు?"

"తెల్లబండ వాళ్లు. తొమ్మిది వందల జనాభా. ఈ వారం ముప్పై ఒక్క కేసులు. మురికికాలువలో పైపులైను పగిలింది. ఆ ఊరి నీళ్లు కడుక్కోవడానికే, తాగడానికి కాదు. తాగే నీళ్లకు ట్యాంకర్ పంపిస్తున్నాం."

"మరి తిప్పేస్వామి ట్యాంకులో కలిపిన తెల్లపొడి?"

"బ్లీచింగ్ పౌడర్. మేమే ఇచ్చాం."

విషం కథ ముగిసింది. జ్యోతిలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలలేదు. ముందుకు వంగింది.

"ఆ నీళ్లు మంచివి కావని చుట్టుపక్కల ఊళ్లకు చెప్పారా?"

డాక్టర్ మొహం వెలిగింది. ఆ రోజు మొత్తంలో ఆ మొహం వెలిగింది అప్పుడే.

"చెప్పడం ఏంటి మేడం, మ్యాపే వేశాం! శనివారం పొద్దునకల్లా మండలంలో ప్రతి సచివాలయానికీ ఫ్లెక్సీ పంపాం. మా డేటా ఆపరేటర్ గౌతమి చేసింది. రాష్ట్రంలో ఇంకే మండలంలోనూ ఇట్లాంటిది లేదు. చూడండి."

ఫోన్ చూపించాడు. మండలం మొత్తం నీలం ఛాయల్లో ఉంది. కొన్ని ఊళ్లు తెలుపు. కొన్ని లేత నీలం. ఒక్క ఊరు మాత్రం నేరేడుపండులా నిగనిగలాడుతోంది. తెల్లబండ. పక్కన చిన్న గళ్లు, గళ్ల పక్కన అంకెలు.

"ముదురు రంగు అంటే ప్రమాదం. చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. ఇది చూశాక ఎవరైనా ఆ ఊరికి నీళ్లకు వెళ్తారా చెప్పండి?"

జ్యోతిలక్ష్మి నోట్‌బుక్‌లో రాసుకుంది. 'శనివారం.'

*

సాయంత్రం 5:00. నక్కలదొడ్డి.

ఐజాక్ లగేజీ ఆటో నడుపుతాడు. ఆటోలో నలభై బిందెలు పడతాయి. అతను పట్టిస్తే అరవై పడతాయి. ఒకసారి బిందెలన్నీ ఎక్కించాక డ్రైవరుకు చోటు లేక, ఆటోను బయట నుంచే నడుపుకుంటూ పోయాడని చెప్పుకుంటారు.

"తెల్లబండకు ట్రిప్పులు ఎప్పుడు మొదలుపెట్టావు?"

"శనివారం సాయంత్రం, మేడమ్."

"అంతకుముందు?"

"ఎవురూ పోలా. తెల్లబండ బోరులో ఏముంటాది, గాలి తప్ప అనుకుంటాంటిమి."

"శనివారం ఏమైంది?"

"ఆడ మూడించుల నీళ్లుండాయని తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటాండారు."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరే. నేను గూడా అందర్లోనే ఉండా గదా మేడమ్."

"నిజమని ఎలా నమ్మారు?"

"ట్యాంకర్ దినామూ ఆడికే పోతాంటే నమ్మకుండా ఎట్ల? నింపుకోనే గదా పోయేది!"

ట్యాంకర్ పోతున్నది నింపుకోవడానికి కాదు. దింపడానికి. ఆ సంగతి నక్కలదొడ్డిలో ఎవరికీ తెలియదు. జ్యోతిలక్ష్మి చెప్పింది. ఐజాక్ నవ్వాడు.

"మూడించుల ఊరికి నీళ్లు తోలేంత పిచ్చిదా మేడమ్ గవర్మెంటు?"

ఆమె ఇంటింటికీ తిరిగింది. ఇరవై మందిని అడిగింది. ఇరవై మందీ ఒకటే మాట. మూడించులు. చివరికి యేసన్న ఇంటి ముందు ఆగింది. పోస్టుమార్టానికి పంపిన శవం ఇంకా కళ్యాణదుర్గం నుంచి రాలేదు. గుమ్మంలో కూర్చున్నాడు.

"యేసన్నా, నల్లమ్మకు నిన్న బేదులు అయ్యాయి కదూ?"

యేసన్న వీధి వైపు ఒకసారి చూశాడు.

"మొన్న రాత్రి నుంచే. ఆడమనిషి బేదుల మాట నలుగురి ముందర ఎట్ల చెప్పేది మేడమ్? పోవద్దంటి. చేలో కలుపుకు పోయేటోల్లకు నీళ్లు ల్యాకుంటే ఎట్లనని పాయ."

*

సాయంత్రం 6:15. లాకప్.

తిప్పేస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు.

"వాళ్లను ఎందుకు ఆపలేదు?"

"ఆపినా మేడమ్. ఈ నీళ్లకు వాంతులు, బేదులు తగులుకుంటాయి, చస్తారు, పోండి అని చెప్పినా. నీళ్లు దాచుకోనీకి ఎంత కత అల్లినావప్పా అన్న్యారు. వాల్వుకు తాళం ఏసినా. రాయితో పగలగొట్టిరి."

"నల్లమ్మ?"

"ఆ యమ్మ నాకు దండం పెట్టింది మేడమ్. మూడు బిందెలు వదులు సామీ అనె. వదల్లా. పొద్దున్నే నేను ల్యానప్పుడు పట్టుకున్నట్టుండాది."

"మీ బోరులో మూడించుల నీళ్లున్నాయట?"

తిప్పేస్వామి మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. చావుకు కారణం నువ్వే అన్నా రాని కోపం.

"మూడించులా? ఒకటిన్నర! అదీ పొద్దున. మాపటికి ఒకించి. నా చేత్తో కొలుస్తాండా దినామూ."

"ఇంచి అంటే లోతా?"

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు.

"బోరు పైపులోంచి నీళ్లు దూకుతాయి గదా మేడమ్, ఆ లావు. ఒకించి పడితే తాగనీకి. రెండించులు పడితే చేనుకు. మూడించులు పడితే ఊర్లో పెండ్లి మాదిరి. ఈ పక్క మూడించులు చూసినోల్లు ఎవురూ బతికిల్యారు."

బయటికి వచ్చి ఆమె ఆ లెక్కే ఆలోచించింది. పుకారు నోట పడి తిరిగితే పెరుగుతుంది. ఒకడు రెండంటే ఇంకొకడు ఐదంటాడు. మూడోవాడు నది పారుతోందంటాడు. ఇక్కడ ఇరవై నోళ్లలో ఒకటే అంకె. పెరగలేదు. తరగలేదు.

అది విన్న అంకె కాదు. చదివిన అంకె.

ఎక్కడ చదివారు?

6:40కి డీఎస్పీ ఫోన్.

"పాయిజన్ కాదా? సరే, నెగ్లిజెన్స్ పెట్టు. నీళ్లు చెడ్డవని తెలిసీ కాపలా కాయలేదు. జనం రోడ్డు మీద ఉన్నారమ్మా. రేపు పన్నెండు లోపు ఎవరో ఒకరు రిమాండ్‌కు వెళ్లాలి."

"కాపలా కాశాడు సార్. తాళం పగలగొట్టారు."

"పగలగొట్టింది ఊరు ఊరంతా. ఊరంతటినీ లాకప్‌లో పెడతావా?"

*

గురువారం. ఉదయం 8:20.

స్టీలు గ్లాసు అక్కడే ఉంది. నీళ్లూ అలాగే ఉన్నాయి. తిప్పేస్వామి పెదవులు తెల్లబడ్డాయి.

"ఏంటిది? నిన్న మధ్యాహ్నం నుంచి ఈయన నీళ్లు తాగలేదా?"

"చుక్క ముట్టల్యా మేడమ్," అన్నాడు రామాంజులు. "మొండికేసినాడు."

తిప్పేస్వామి గొంతు గీరుకుంటూ వచ్చింది. "ఆ నీళ్లు యాడివో అడగండి మేడమ్. నాకు వాసనకే తెలిసింది."

జ్యోతిలక్ష్మి కళ్యాణదుర్గం నుంచి తెచ్చుకున్న క్యాను నీళ్లు తాగుతుంది. స్టేషన్ కుండ సంగతి ఆమెకు తెలియదు.

"ఎక్కడివి?"

"మంచి నీళ్లే మేడమ్!" రామాంజులు ఛాతీ విరుచుకున్నాడు. పొట్ట కూడా విరుచుకుంది. "ఐజాక్‌తో చెప్పి సోమవారం నుంచి దినామూ రెండు క్యాన్లు తెప్పిస్తాండా. తెల్లబండవి."

జ్యోతిలక్ష్మి స్టీలు గ్లాసును తిప్పేస్వామి ముందు నుంచి తీసేసింది.

"తెల్లబండవా? ఎందుకు?"

"మూడించుల నీళ్లు గదా మేడమ్."

"మీకు ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంది? నేనే చదివినా. సచివాలయం గోడకు ఉండాది గదా, గవర్మెంటు పటం." ఆయనకు కాస్త కోపం వచ్చింది. "నేను గూడా పదో తరగతి పాసైనా మేడమ్."

అప్పుడు ఆయన కడుపు గుడగుడమంది. ఆ శబ్దం బెంగుళూరు హైవే దాకా వినిపించి ఉంటుంది. రెండు నిమిషాల్లో అదే రెండోసారి. మూడోసారికి ఆయన బెల్టు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు.

జ్యోతిలక్ష్మి తన క్యాను తెచ్చి తిప్పేస్వామి ముందు పెట్టింది. "తాగండి. కళ్యాణదుర్గం నీళ్లు." ఒక కానిస్టేబుల్‌ను పిలిచింది. "రామాంజులు గారిని ఆస్పత్రికి తీసుకెళ్లు. కుండ పగలగొట్టు." జీపు తాళాలు అందుకుంది.

*

10:30. నక్కలదొడ్డి సచివాలయం.

గది చిన్నది. డాక్టర్ విజయభాస్కర్ ఒక కుర్చీలో. గౌతమి ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ఐజాక్ తలుపు దగ్గర. యేసన్న గోడ వారగా. కిటికీ నిండా ఊరు.

గోడకు ఫ్లెక్సీ. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషు శీర్షిక. అందులో ఒక్క మాట మాత్రం నక్కలదొడ్డిలో అందరికీ వచ్చు. వాటర్. ప్రతి క్యాను మీదా ఉండే మాటే.

"డాక్టర్ గారూ, మీరు మాట్లాడకండి. ఐజాక్, ఇదేంటి?"

"నీళ్ల పటం మేడమ్."

"తెల్లరంగు ఊళ్లు?"

"ఎండిన ఊర్లు. మాది తెలుపే సూడండి. కరెక్టుగా ఏసినారు."

"లేత నీలం?"

"ఒకించి ఉండే ఊర్లు. ఈడ రాసినారు గదా, గడి పక్కన ఒకటి. దానికంటే ముదురు, రెండు."

"తెల్లబండ?"

"మూడు. పక్కన ప్లస్సు. అంటే మూడించులకు పైనే." అతను డాక్టర్ వైపు చూశాడు. "బో బాగ ఏసినారు సార్. ఇన్నేండ్లకు గవర్మెంటు నీళ్లు యాడున్నాయో చెప్పింది."

డాక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు.

జ్యోతిలక్ష్మి గళ్ల కింద వేలు పెట్టింది. చీమ తలకాయంత అక్షరాలు. ఇంగ్లీషులో.

"దీన్ని చదవమ్మా గౌతమీ."

"నూరు మందికి కేసులు," అంది గౌతమి. "తెల్లబండలో నూటికి మూడు మంది కంటే ఎక్కువ పడిపోయినారని."

కిటికీ దగ్గర జనం ముందుకు తోసుకున్నారు.

"ఈ కేసులో నన్ను తిప్పలు పెట్టింది ఒకటే ప్రశ్న," అంది జ్యోతిలక్ష్మి. "హెచ్చరిక గోడకెక్కింది శనివారం పొద్దున. అంతవరకు తెల్లబండ మొహం చూడని జనం, శనివారం సాయంత్రం నుంచే అక్కడికి బిందెలు తీసుకెళ్లారు. హెచ్చరిక ఉన్నా ఎందుకు వెళ్లారు అని ఆలోచించాను. అక్కడే తప్పు చేశాను. హెచ్చరిక ఉండటం వల్లే వెళ్లారు. ఇరవై మంది మూడించులు అన్నారు. నాకు ఇంచి అంటే తెలియదు కాబట్టి నేను పట్టించుకోలేదు. రామాంజులు గారికి మరీ బాగా తెలుసు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. మీరు పటం తప్పుగా చదవలేదు. ఇక్కడ నీళ్లను ఎలా కొలుస్తారో అలాగే చదివారు."

ఆమె గౌతమి వైపు తిరిగింది.

"నీలం ఎందుకు వేశావు?"

"నేను ఎరుపే ఏసినా మేడమ్."

"నేనే మార్పించాను," అన్నాడు డాక్టర్. "ఎరుపు చూస్తే జనం ప్యానిక్ అవుతారు, చల్లగా ఉండే రంగు వేయండి అని మీటింగ్‌లో పైవాళ్లు అన్నారు. నాకూ నిజమే అనిపించింది." కళ్లజోడు తీశాడు. "జనాన్ని భయపెట్టకూడదనుకున్నాం మేడం. అంతే."

చల్లటి రంగు. ముప్పై ఏళ్లుగా ఆకాశం తప్ప ఇంకెక్కడా నీలం చూడని ఊళ్లకు.

"ఎరుపు ప్రింటు తీయమ్మా."

గౌతమి సచివాలయం ప్రింటర్‌లోనే తీసింది. చిన్న కాగితం. తెల్లబండ నెత్తురు గడ్డలా ఉంది. జ్యోతిలక్ష్మి దాన్ని యేసన్న చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చూడు యేసన్నా. తెల్లబండ నీళ్లు ఎలాంటివి?"

యేసన్న కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఎర్రబోరు నీళ్లు."

"అంటే?"

"ఫ్లోరైడ్ నీళ్లు మేడమ్. ఆ బోర్లకు ఎర్రరంగు ఏస్తారు. ఒద్దంటారు. ఇంగోటి ఉంటే గదా తాగకుండా ఉండేది? మా ఇండ్ల కాడ ఉండింది ఎర్రబోరే. పుట్టినప్పట్నుంచీ తాగితిమి." దొడ్డికాళ్ల మీద చెయ్యేశాడు. "కాళ్లు పోతాయి. చావు రాదు. పోయినేడు అది గూడా ఎండిపాయ."

డాక్టర్ ల్యాప్‌టాప్ తెర వైపు చూశాడు. అందులో ఇంకా చాలా రంగులున్నాయి. పసుపు, పచ్చ, ఊదా. ఒక్కదాన్నీ వేలు పెట్టి చూపించలేదు.

"డాక్టర్ గారూ, నక్కలదొడ్డికి ట్యాంకర్ ఎందుకు రావడం లేదు?"

"తెల్లరంగు ఊళ్లకు ట్యాంకర్ లేదు. కేసులు లేవు కదా."

"ఇప్పుడొక మనిషి పోయింది."

"ఒక్క కేసు మేడం." ఆయన గొంతు తగ్గింది. "ఇంకో ఏడెనిమిది నమోదైతే రంగు మారుతుంది. కొత్త మ్యాపు శనివారం వస్తుంది. ఆ తరువాత సోమవారం నుంచి ట్యాంకర్ అడగొచ్చు."

యేసన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే మా నల్లమ్మను చంపింది తిప్పేస్వామి కాదా?"

"కాదు. ఆమెతో నిజం చెప్పింది ఆయన ఒక్కడే."

"మరి ఎవురి మీద కేసు పెడ్తారు?"

జ్యోతిలక్ష్మి ఫ్లెక్సీ వైపు చూసింది. డాక్టర్ వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. సెక్షన్ల పుస్తకంలో మూడొందల యాభై ఎనిమిది సెక్షన్లు. రంగు మీద ఒక్కటి కూడా లేదు.

"ఎవరి మీదా లేదు."

"ఈపొద్దు సమాధి చేయాల. ఇంటి నిండా చుట్టాలు దిగినారు," అన్నాడు యేసన్న, తనతో తానే. "ఆ మూడు బిందెలన్నా ఇయ్యండి మేడమ్. పోలీసోల్లు ఎత్తుకోని పోయినారు."

*

11:50. స్టేషన్.

డీఎస్పీ ఫోన్ మోగుతోంది. ఆమె ఎత్తలేదు. కేస్ డైరీలో 'ఆధారాలు లేవు, విడుదల' అని రాసింది. సంతకం పెట్టింది. లాకప్ తాళం తీసింది.

"తిప్పేస్వామి గారూ, మీరు వెళ్లొచ్చు."

ఆయన లేవలేదు.

"పటం సంగతి అందరికీ చెప్పాను. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"అనేదానికి కాదు మేడమ్. ఇంగో రెండు దినాలు నన్ను ఈడనే ఉంచుకోండి."

"ఎందుకు?"

"ఆడికి పోతే మళ్లా వాల్వుకు తాళం నేనే ఏయాల. మీరు చెప్పిన్యారు సరే. రేపు ఐదు గంటలకు బిందెలు పట్టుకోని వస్తారు. నీళ్లు కనపడతాంటాయి, సప్పుడు వినపడతాంటాది. వాల్ల ముందర నిలబడి తాళమేయడం..." ఆయన తల ఊపాడు. "ఆ యమ్మ నాకు దండం పెట్టింది మేడమ్. ఇంగొకరు పెడితే నా చేత కాదు. ఈడుంటే గోడలుంటాయి, ఎవురూ దండం పెట్టరు."

"ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు."

"అవునా." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. గుమ్మం దాటి ఆగాడు. "నా తాళం రాయికి పోయింది. గట్టిది ఏమన్నా ఉంటే ఇప్పియ్యండి."

స్టేషన్ అంతా వెతికినా తాళం లేదు. ఉన్నది ఒక్కటే. జ్యోతిలక్ష్మి లాకప్ తాళం ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. ఇత్తడిది. పాత కాలపుది. అరకేజీ బరువు. దాన్ని ఏనుగు తొక్కితే ఏనుగు కాలే వాచిందని రామాంజులు చెప్పేవాడు. ఆయన ఇప్పుడు ఆస్పత్రి వరండాలో, రెండు సెలైన్ బాటిళ్ల కింద పడుకుని ఉన్నాడు. కథలు చెప్పే ఓపిక లేదు.

తిప్పేస్వామి తాళాన్ని పంచె కొంగులో కట్టుకుని, ఎండలోకి నడిచాడు.

శుక్రవారం ఉదయం 5:25కి ఆ తాళం పగిలింది. గడ్డపారతో కొట్టారు. ప్రభుత్వ ఆస్తి కాబట్టి ఈసారి ఎఫ్ఐఆర్ తప్పలేదు. ముద్దాయి పారిపోలేదు. పోలీసులు వచ్చేసరికి వాల్వు దగ్గర వరుసలో నిలబడి ఉన్నాడు, తన వంతు కోసం.

జ్యోతిలక్ష్మి పేరు అడగకుండానే రాసింది. యేసన్న, వయసు యాభై ఐదు, నక్కలదొడ్డి.